కట్టెలు దించిన చోటు

కోయంబత్తూరులో ఆ డాక్యుమెంటరీ మొదటిసారి వేసిన సాయంత్రం హాల్లో కూర్చున్నవాళ్ళలో సగం మంది అందులో మోసపోయినవాళ్ళే. నేనూ ఒకతెను. తెర మీద మమ్మల్ని మేమే చూసుకుంటూ, పక్కవాళ్ళు మమ్మల్ని చూస్తున్నారేమోనని ఓరకంట గమనించుకుంటూ గంటన్నర గడిపాం. లైట్లు వెలిగాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను కొట్టాను. పక్క కుర్చీలో ఉన్న మా బావగారు నా మణికట్టు పట్టుకుని ఆపబోయారు. ఊరుకోమంటే ఊరుకునే స్వభావమే ఉంటే ముప్ఫై ఏళ్ళు హైస్కూలు పిల్లలకి తమిళం చెప్పి నెగ్గుకొచ్చేదాన్నా? ఇంకాస్త గట్టిగా కొట్టాను.

బావగారు మా అక్క భర్త, మా సంఘానికి కార్యదర్శి. సంఘం మూడు నెలలకోసారి ఒక పత్రిక వేస్తుంది. ముప్పాతిక భాగం తమిళం, పావు భాగం తెలుగు. ఆ పావు భాగం నాది. ఇంట్లో పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడినా, అక్షరాలు నాకు నలభై అయిదో ఏట వచ్చాయి, గోడకి తగిలించుకున్న పిల్లల పటం చూసి నేర్చుకున్నాను. మా వాళ్ళు తెలుగులో పోట్లాడుకుంటారు, తమిళంలో చదువుకుంటారు, ఇంగ్లీషులో ఉద్యోగాలు చేస్తారు. కాబట్టి నా తెలుగు పేజీలు అచ్చవుతాయే గాని ఎవరూ చదవరు. "చదివా, బాగుంది" అని చెప్పినవాళ్ళని పట్టుకుని ఏం బాగుందని అడిగితే నీళ్ళు నములుతారు. అలా చాలామంది చేత నమిలించాను.

ఇక మోసం సంగతి. పెరియకుళం దగ్గర కొండ కింద మా కులదేవత గుడి ఉంది. ఆ దేవతకి మొక్కే ఇళ్ళవాళ్ళం కోయంబత్తూరు, అవినాశి, మధురై, ఆండిపట్టి అంతటా చెదిరి ఉన్నాం. అందరినీ కలిపి బావగారు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. కొత్తవాళ్ళు ఎవరు వచ్చినా మేము అడిగేవి రెండే ప్రశ్నలు: ఏ ఊరు, ఏ ఇల్లు. ఆ రెండూ చెబితే చాలు, రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు లెక్క వేసి, నువ్వు నాకు వరుసకి మామవి, ఆవిడ నీకు అత్త అని తేల్చేస్తారు. అంతటితో పరీక్ష అయిపోయినట్టే. బ్యాంకువాళ్ళు ఫోటో అడుగుతారు, వేలిముద్ర అడుగుతారు. మాకు అవేవీ అక్కర్లేదు. వరుస కలిసిన మనిషిని మళ్ళీ అనుమానించడం మా రక్తంలోనే లేదు.

మూడేళ్ళ కిందట ఆ గ్రూపులో ఒక తగువు వచ్చింది. పొంగలి పండగకి గుడి ఆవరణలో ఏ ఇంటి కుండ ఎన్నో పొయ్యి మీద ఎక్కాలనే వరస ఒకటి ఉంది. మొదటి రెండూ అందరికీ తెలుసు. మూడో కుండ మాదంటే మాదని రెండు ఇళ్ళవాళ్ళు కొట్టుకున్నారు. ఒక ఇంట్లో డాక్టరు, ఇంకో ఇంట్లో మోటారు పంపుల ఫ్యాక్టరీ యజమాని, ఇద్దరూ చిన్నపిల్లల్లా మూడు రోజులు మెసేజులు పెట్టుకున్నారు. తెలిసిన పెద్దవాళ్ళు ఎవరూ బతికి లేరు. నాలుగో రోజు పొద్దున, ఎప్పుడూ నోరు విప్పని ఒక నంబరు నుంచి ఒక వాయిస్ నోటు వచ్చింది. ముసలి గొంతు, కాస్త బొంగురు, తొందర లేదు.

"మూడో కుండ మెట్ట మీది ఇంటోళ్ళది. ఆ పొయ్యి గాలికి ఎదురుగా ఉండాది. దానికి మామిడి కట్టె పెడితే పొగంతా పొంగలి పెట్టే ఆయమ్మ మొగాన కొడతాది. అందుకని దానికి మాత్రం చింత కట్టె. సుమ్మా ఉత్తినే కొట్లాడుకోవద్దండి, పోయి పొయ్యిల్లో మసి చూసుకోండి."

నిజంగానే ఒకరు వెళ్ళి చూసి వచ్చారు. గాలి అటునుంచే కొడుతోందట. తగువు తీరిపోయింది. ఆ నంబరు మధురైలో ఉన్న ఒక పెద్ద ఇంటావిడదని బావగారి దగ్గరున్న జాబితాలో రాసి ఉంది. పిల్లలు లేని ముసలావిడ, నాకు వరుసకి పెద్దమ్మ. "మీరు ఫలానా ఇంటి పెద్దమ్మే కదా" అని నేనే అడిగాను. జవాబుగా ఒక క్షణం పాటు చిన్న వాయిస్ నోటు వచ్చింది: "ఆఁ." అంతే, గ్రూపులో నమస్కారాల వాన కురిసింది.

ఆ తర్వాత రెండేళ్ళు ఆవిడ మా అందరికీ పెద్దమ్మ. పంటినొప్పికి ఏం పెట్టుకోవాలో చెప్పేది, మరిచిపోయిన నాట్ల పాటలు పాడేది, ఎవరైనా ఇంగ్లీషు ముక్కలు ఎక్కువ కలిపి మాట్లాడితే పకపకా నవ్వేది. అవినాశిలో బనీన్ల ఫ్యాక్టరీ నడిపే మా చిన్నాన్న కూతురు, కటింగ్ టేబుల్ దగ్గర చెవిలో పెట్టుకుని వినేది. నేనైతే ఒక నోటు కూడా వదలకుండా కాగితం మీదకి ఎక్కించాను. ఇంత చక్కని తెలుగు మా ఇళ్ళలో ఇంకా బతికి ఉందని పొంగిపోయాను. పత్రికలో వరసగా వేశాను, తర్వాత పుస్తకంగా తేవాలని బావగారిని ఒప్పించాను. ఎక్కించేటప్పుడు టీచరు బుద్ధి పోనిచ్చుకోక, ఎర్ర పెన్నుతో అక్కడక్కడా దిద్దాను. ఎక్కడైనా వెలితిగా అనిపిస్తే ఒక వాక్యం కలిపాను కూడా. పెద్దమ్మ పొంగలి పండగని వర్ణించిన ఈ నోటు నాకు అన్నిటికంటే ఇష్టం:

"ఆడోళ్ళంతా నీళ్ళు కారతా ఉండే జడల్తో వరసగా నిలబడుదురు. ఈపులన్నీ పసుపు. గంట కొడితే ఒగే తూరి అందరూ వంగుదురు, మామిడి తోపులో గాలి పోయినట్ట."

దీని తర్వాత వెలితిగా తోచింది నాకు. గంట కొట్టారు, వంగారు, మరి అమ్మవారు ఏది? అందుకని నేనే ఒక వాక్యం రాసి చేర్చాను: "వంగిన తలల మీదుగా పసుపు ముద్దలో అమ్మవారి ముఖం, ముక్కున బేసరి తళుక్కుమంటుంది." రాసుకుని, నన్ను నేనే మెచ్చుకున్నాను.

సినిమా తీసిన పిల్ల నాకు వరుసకి కోడలవుతుంది. కోయంబత్తూరులో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే పని ఆమెది. పెద్దమ్మ మీద ఒక చిన్న సినిమా తీద్దామని మొదలుపెట్టింది, మెచ్చుకోలుగానే. కానీ కలుస్తామంటే పెద్దమ్మ ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. కాళ్ళ నొప్పి, ఊళ్ళో లేను, ఇంకో నెల పోనీ. విసుగొచ్చిన పిల్ల, కనీసం గొంతుతోనైనా పని మొదలుపెడదామని నోట్లన్నీ వరసగా విన్నది. పెళ్ళి వీడియోలు కత్తిరించేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుందట. ఏ ముక్క చూసినా, ఇది తీసినప్పుడు కెమెరా ఎక్కడ నిలబడి ఉంది అని ముందు ఆలోచిస్తారట. ఆ అలవాటుతోనే ఆ నోట్లు విన్నది.

ఒకరోజు మా ఇంటికి వచ్చి నా ముందు కూర్చుని అడిగింది. "అత్తా, పెద్దమ్మ చెప్పే పండగలో అందరి ఈపులే కనిపిస్తాయి. ఒక్కరి మొగం కూడా లేదు. అమ్మోరు అసలే లేదు. ఈమె ఎక్కడ నిలబడి చూస్తా ఉండాది?" నేను వెంటనే అమ్మవారు ఉందని వాదించాను, పత్రిక తెచ్చి చూపించాను. ఆ పిల్ల ఫోనులో అసలు నోటు పెట్టి వినిపించింది. అందులో అమ్మవారు లేదు. నా వాక్యం నా నోటికే వచ్చేసి, అది నాదేనన్న సంగతి కూడా మరిచిపోయాను. ఆ పిల్ల ఫోను పక్కన పెట్టింది. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి.

తర్వాత ఆ పిల్ల చేసిన పని చూసి నాకు ఆమె మీద గౌరవం పుట్టింది. పెద్ద ఇళ్ళవాళ్ళు ఎవరినీ అడగలేదు. గుడి దగ్గరికి వెళ్ళి, పొంగలికి కట్టెలు మోసుకొచ్చే ఇళ్ళు ఏవని వాకబు చేసింది. మామిడి తోపుల్లో కొమ్మలు కొట్టి, ఎండబెట్టి, మోపులు కట్టి గుడి గేటు బయట దించే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్ళూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చాలామంది చర్చికి వెళతారు. గేటు దాటి లోపలికి రారు అని మేము అంటాం. రానిచ్చేవాళ్ళం కాదు అనడమే నిజం. అక్కడ ఒక ముసలాయన ఆ గొంతు విని నవ్వాడట, ఇది మా అక్క గొంతు కదా అని. ఆవిడ మధురైలో కూతురి దగ్గర ఉంటోంది.

ఆ తర్వాతి కథ తెలిసినప్పుడు మా గ్రూపులో అందరి నోళ్ళూ పడిపోయాయి. జాబితాలో ఉన్న అసలు పెద్దమ్మ, ఆ పిల్లలు లేని ముసలావిడ, మూడో కుండ తగువుకి ముందే చనిపోయింది. చివరి ఆరేళ్ళు ఆమెకి స్నానం చేయించి, అన్నం తినిపించి, దగ్గరే పడుకుని చూసుకున్నది ఈవిడ. చనిపోతే మరిది కొడుకు ఒకతను వచ్చి కొరివి పెట్టి, ఇల్లు తాళం వేసి వెళ్ళిపోయాడు. అతను గ్రూపులో లేడు. ముసలావిడ ఫోను మాత్రం ఈవిడకి మిగిలింది. అందులో మేమందరం రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. పెద్దమ్మ పోయిందన్న సంగతి మాలో ఒక్కరికీ తెలియలేదు, ఒక్కరూ ఫోను చేయలేదు. రెండేళ్ళ పైబడిన చావుకి ఇప్పుడు మైల పట్టాలా అని ఒకాయన గ్రూపులో అడిగాడు. బావగారు ఆ నంబరును గ్రూపు నుంచి తీసేశారు, ప్రెస్సులో ఉన్న పుస్తకాన్ని ఆపించారు.

ఇదీ సినిమా కథ. ఇక సినిమా ఎలా ఉందో చెప్పాలి, నేను చప్పట్లు ఎందుకు కొట్టానో చెప్పాలి.

మొదటి నిమిషం తెర మీద ఏమీ లేదు, నల్లగా ఉంది. గొంతు ఒక్కటే. మూడో కుండ నోటు మొత్తం వినిపించాక, దాన్ని వింటున్న మనుషులు ఒక్కొక్కరుగా కనిపిస్తారు. అవినాశిలో కటింగ్ టేబుల్ దగ్గర మా చెల్లెలు, ఆండిపట్టిలో ట్రాక్టరు మీద ఒకాయన, మా ఇంట్లో బల్ల దగ్గర ఎర్ర పెన్ను పట్టుకుని నేను. మేము వింటూ పెదవులు కదుపుతున్నాం, ఆ మాటలు మాకు కంఠతా వచ్చు కాబట్టి. మోసపోయినవాళ్ళని ఇంత మర్యాదగా చూపించిన సినిమా నేను చూడలేదు. వెర్రివాళ్ళని చేసి నవ్వించడం ఎంత సులువో, ఆ పిల్ల ఆ పని చేయలేదు.

సినిమా మధ్యలో ఏడు నిమిషాల పండగ ఉంది. కెమెరాని కట్టెలు దించే చోట, గేటు బయట, నేల మీద పెట్టింది. ఏడు నిమిషాలూ దాన్ని కదపలేదు. ముందు కట్టెల మోపులు, తర్వాత గేటు, దాని వెనక ఆడవాళ్ళ వీపులు. మా వీపులు. తడి జడలు, పసుపు మరకలు. గంట కొట్టారు, అందరం వంగాం. వంగిన తలల అవతల గర్భగుడి వాకిలి నల్లగా ఉంది, అంతే. నేను రాసిన ముఖం అక్కడ లేదు, అక్కడి నుంచి కనిపించే వీలే లేదు. చీకట్లో కూర్చుని నాకు సిగ్గు ముంచుకొచ్చింది. నేను అరవై ఏళ్ళుగా వెళుతున్న గుడిని ఆ రోజు మొదటిసారి చూశాను.

చివరి పావుగంటలో గాని ఆవిడ ముఖం కనిపించదు. అది ఆవిడ పెట్టిన షరతట, ముందు గొంతు, తర్వాతే మొగం అని. చిన్న ఉల్లిపాయలు ఒలుస్తూ, కెమెరా వైపు చూడకుండా చెబుతుంది. "మీరు ఫలానా ఇంటి పెద్దమ్మే కదా అని అడిగిరి. ఇన్నేండ్లలో ఎవురూ నన్ను పెద్దమ్మా అనలే. ఆఁ అంటిని. అప్పురం దాంట్లోనించి ఎట్లా దిగేదో తెలీలే." అడిగినది నేను. సినిమాలో ఆ సంగతి చెప్పలేదు. ఆ పిల్ల నన్ను కాపాడింది. నాకు అది నచ్చలేదు గాని, కృతజ్ఞత కూడా కలిగింది.

లోపాలు లేవని కాదు. చివర్లో వేణువు ఒకటి అనవసరంగా ఏడ్చింది, కొండలు రెండు నిమిషాలు ఎక్కువయ్యాయి. పిల్లకి ముఖం మీదే చెప్పాను. తల ఊపింది, పెళ్ళి వీడియోల అలవాటు అత్తా అని ఒప్పుకుంది.

విమర్శలు మూడు వైపుల నుంచీ వచ్చాయి. ఇంగ్లీషు వెబ్‌సైటులో ఒకతను, సినిమా మోసగత్తె మీద మరీ మెతకగా ఉందని రాశాడు. సైబర్ నిపుణులు ఏరి, పోలీసులు ఏరి, బాధితుల కన్నీళ్ళు ఏవి అని అడిగాడు. బాధితురాలిని నేనే నాయనా, నేను ఏడవలేదు. ఎవరి సొమ్మూ పోలేదు, ఎవరి పెళ్ళీ చెడలేదు, పోయినదల్లా మాకు మా మీద ఉన్న గొప్ప అభిప్రాయం.

తమిళ వారపత్రికలో రెండు పేజీల మెచ్చుకోలు వచ్చింది. పెద్ద ఇళ్ళ అహంకారాన్ని చీల్చి చెండాడిన సినిమా అని రాశారు. అందులో అబద్ధం ఏమీ లేదు, చదువుతుంటే గుచ్చుకుంది, గుచ్చుకోవాల్సిందే. కానీ రాసినాయనకి ఆవిడ గొంతు చెవిన పడినట్టు లేదు. ఆవిడ హాస్యం గురించి ఒక్క ముక్క లేదు, పాటల గురించి లేదు. నోరు లేని అభాగ్యురాలిని చేసి జాలిపడ్డాడు. రెండేళ్ళు మా అందరి నోళ్ళూ మూయించిన మనిషి మీద జాలి!

ఇక మా వాళ్ళు. ఆండిపట్టి నుంచి ఒకాయన ఆరు నిమిషాల వాయిస్ నోటు పెట్టాడు. మనం కట్టిన మిల్లులు చూపించలేదు, కాలేజీలు చూపించలేదు, కట్టెల మోపులు చూపించిందేమిటి అని. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. గేటు గురించి సినిమాలో ఎవరూ ఒక్క మాట అనలేదు, కెమెరా దాని ముందు కూర్చుంది, అంతే. అయినా అందరూ గేటు గురించే వివరణలు ఇచ్చుకున్నారు.

పత్రికకి సమీక్ష నన్నే రాయమన్నారు బావగారు. ఎలా రాయాలో కూడా చెప్పారు. ఇల్లూ పేరూ దొంగిలించిన మనిషి అని ఒక్క వాక్యం రాస్తే చాలట, అప్పుడు పుస్తకాన్ని మళ్ళీ ప్రెస్సుకి పంపవచ్చట, "సేకరణ" అని నా పేరుతో. ఆవిడ పేరు ఎక్కడా ఉండకూడదు. ఎవరు చెప్పారో చెప్పకుండా మా ఇళ్ళ పాత మాటలు అని వేసేస్తే గొడవ ఉండదు అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాగితాలన్నీ నా చేతిరాతలోనే, నా బీరువాలోనే ఉన్నాయి. ఆవిడ పేరు అట్ట మీద లేకపోతే ఒక్క కాగితం కూడా ఇవ్వనని చెప్పాను. అక్క మధ్యలో దూరి ఇద్దరినీ తిట్టింది. పది రోజులు బావగారు నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు, నీ ఇష్టం వచ్చినట్టు ఏడు అని మెసేజు పెట్టారు. మా ఇంట్లో ఒప్పుకోవడం అంటే అదే.

గెలిచాననుకున్నాను. సరే, ఆవిడ అనుమతి ఒకటి కావాలి కదా అని కాగితాలు, పత్రిక ప్రతులు సంచిలో పెట్టుకుని మధురై బస్సెక్కాను. దారిపొడుగునా ఆవిడ ఎంత సంతోషిస్తుందో ఊహించుకుంటూనే ఉన్నాను. ఇవ్వడానికి వెళుతున్నానన్న ధీమా నాది.

మధురైలో అది రైల్వే లైను పక్క వీధి. వాకిట్లో నిలబడ్డాక ఒక సందేహం వచ్చింది, ఏమని పిలవాలి? వరుస లేని మనిషిని పిలవడానికి మా దగ్గర మాట లేదు. రెండేళ్ళు పిలిచిన పిలుపే నోటికి వచ్చింది. "పెద్దమ్మా" అన్నాను. లోపల నుంచి ఆ గొంతే వచ్చింది, "రా అమ్మాయీ, చెప్పులు లోపల పెట్టు, కుక్క ఎత్తకపోతాది."

కూతురు టీ తెచ్చింది. సినిమాలో కంటే ఆవిడ చిన్నగా ఉంది, మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నేను విషయం చెప్పాను. పుస్తకం వస్తుంది, అట్ట మీద ఆ పెద్ద ఇంటి పేరు ఉండదు, మీ పేరే ఉంటుంది. దానికోసం బావగారితో ఎంత పోట్లాడానో కూడా చెప్పాను, నిజానికి కాస్త ఎక్కువే చెప్పాను. ఆవిడ వింది. "సరి" అంది. నేను ఊహించుకున్న సంతోషం ఏదీ లేదు.

తలగడ కింద నుంచి మా పత్రిక ఒకటి తీసింది. నేను తెల్లబోయాను. ఇంట్లో తెలుగు ఎవరు చదువుతారని అడిగాను. గోడ పక్కన బల్ల మీద ఉన్న తెలుగు బైబిలు చూపించింది. చిన్నప్పుడు చర్చిలో నేర్పించారట. కళ్ళజోడు పెట్టుకుంటే ఇప్పటికీ చదువుతుందట. చనిపోయిన ముసలావిడ ఇంటికి మా పత్రిక పోస్టులో వచ్చేది, ముసలావిడకి చదవడం రాదు, ఈవిడే చదివి వినిపించేది. ఆమె పోయాక కూడా పోస్టుమాన్‌ని అడిగి తెచ్చుకునేదట. ఇన్నేళ్ళుగా నా పేజీలకి ఒక్క పాఠకుడు లేడని ఏడ్చినదాన్ని. ఒకరు ఉన్నారు. ఆమెను నేను రెండేళ్ళ పాటు వేరే మనిషి పేరుతో పిలిచాను.

పొంగలి పండగ ఉన్న పేజీ తెరిచింది. నా వాక్యం కింద పెన్సిలుతో సన్నని గీత ఉంది, నిదానంగా గీసిన గీత.

"ఇది నేను చెప్పలే. నువ్వు పెట్టినావు."

అవునన్నాను. అక్కడ వెలితిగా ఉందని, అందుకే కలిపానని, బాగుంటుందనుకున్నానని గొణిగాను. ఎంతమంది పిల్లల వ్యాసాలు దిద్దాను, నా దిద్దుబాటుకి నేనే సంజాయిషీ చెప్పుకోవడం అదే మొదలు.

"బాగానే ఉండాది. గానీ నేను చూడలే. మేము కట్టెలు దించి ఆడనే నిలబడేది. ఆడికి అమ్మోరి మొగం ఆనదు." ఆవిడ గొంతులో కోపం లేదు, అది ఉన్నా బాగుండేది. "నేను జెప్పిన అబద్దం ఒగటి సాలు అమ్మాయీ. నీది గూడా నా నెత్తిన పెట్టొద్దు. ఇది ఉంటే నా పేరు వొద్దు."

బస్సులో తెచ్చుకున్న ధీమా అంతా ఆ మంచం దగ్గర కారిపోయింది. తప్పయిందని చెప్పాను. నిజంగానే అనిపించింది, మర్యాదకి కాదు. ఆవిడ పేజీ మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది.

"ముక్కున బేసరి అని రాసినావే. ఉండాదా?"

ఆశగానే అడిగింది. అరవై ఏళ్ళు నీళ్ళకీ చీపురుకీ కట్టెలకీ ఆ గేటు దాకా వచ్చి, లోపల ఏముందో తెలుసుకోవాలనుకున్న మనిషి అడిగే ప్రశ్న. నేను చెప్పబోయి ఆగిపోయాను. కళ్ళు మూసుకుని జ్ఞాపకం చేసుకుందామని చూశాను. చీకటి గర్భగుడి, వేపాకులు, హారతి వెలుగు. ఏటేటా అందరికంటే ముందు వరసలో నిలబడ్డాను, గంట కొట్టగానే అందరితో పాటు తల వంచి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి వెనకవాళ్ళకి దారి ఇవ్వాలని జరిగిపోయేదాన్ని. బేసరి ఉందో లేదో నాకు తెలియదు. ముఖమే తెలియదు. ఏదో ఇంకో గుడిలో చూసిన ముఖం తెచ్చి ఇక్కడ పెట్టాను.

"తెలియదు పెద్దమ్మా. నేనూ చూడలేదు" అన్నాను.

ఆవిడ తలగడ పక్క నుంచి పెన్సిలు తీసి నా చేతికి ఇచ్చింది.

"అట్లయితే ఇద్దరమూ చూడలే. కొట్టెయ్యి. ఈ తూరి పోయినప్పుడు కండ్లు తెరిచి చూసిరా. వచ్చి నాకు చెప్పు, అప్పురం రాద్దాం."

ఈ ఏడు మీరూ రండి, కలిసే చూద్దాం అన్నాను. ఆవిడ పత్రిక నా వైపు జరిపింది. నేను ఆ వాక్యం మీద మొదటి అక్షరం నుంచి చివరి దాకా గీత గీశాను.